తోటివారి స్టూడియో గుమ్మంలో

చిత్రకళ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో విక్టోరియా రాణి కాలపు ఆంగ్ల రూపచిత్రకారిణి లూయీజ్ జాప్లింగ్ (1843–1933) గురించి రాస్తూ, ఆమె తోటి చిత్రకారుల స్టూడియోలకు తరచు వెళ్ళివచ్చేదని, ఆమె నేర్చిన విద్యలో పెద్ద భాగం అక్కడే దొరికిందని ఒకే వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయాను. ఆ వాక్యాన్ని పట్టుకుని చాలామంది ఉత్తరాలు రాశారు. అంత ముఖ్యమైన సంగతిని అంత తొందరగా దాటేసినందుకు మన్నించమని కోరుతూ, ఈ నెల శీర్షికనంతా దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: సొంత స్టూడియో ఉన్న మనిషికి మరొకరి స్టూడియోకు వెళ్ళవలసిన అవసరం ఏమిటండీ? అది మర్యాద కోసమా, కాలక్షేపం కోసమా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: మర్యాద కొంత ఉండేది, కాలక్షేపమూ ఉండేది. అవి మాత్రమే అయి ఉంటే ఇన్నేళ్ళ తరువాత మనం వాటి గురించి మాట్లాడుకోనక్కర లేదు. నా దృష్టిలో అది పనిలో భాగం. రూపచిత్రం వేసేవారికి మిగిలిన చిత్రకారులకు లేని ఇబ్బంది ఒకటి ఉంది. చెరువుగట్టును చిత్రించేవారితో ఆ చెరువు ఏమీ మాట్లాడదు. రూపచిత్రకారుడి ఎదుట కూర్చున్న మనిషి, ఆయన ఇంటివారు, సొమ్ము చెల్లించే పెద్దలు, అందరూ మాట్లాడతారు, అందరూ పోలిక గురించే మాట్లాడతారు. పోలిక కుదిరిందో లేదో వాళ్ళే చెప్పాలి, అందులో తప్పు లేదు. అయితే తల మెడ మీద సరిగా నిలిచిందా, వెనుక గోడ రంగు ముఖాన్ని ముందుకు తెస్తోందా లేక మింగేస్తోందా, చేతులు ఒకే వెలుగులో ఉన్నాయా అనేవి చెప్పగలిగిన కన్ను ఇంకొక చిత్రకారుడిదే. ఆ కన్ను కోసమే వాళ్ళు ఒకరి గుమ్మం ఒకరు తొక్కారు.

జాప్లింగ్ విషయంలో ఇంకా బలమైన కారణం ఉంది. లండన్‌లోని రాయల్ అకాడమీ అనే చిత్రకారుల సంస్థ 1768లో ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్యులలో ఏంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్ అనే ఇద్దరు స్త్రీలు ఉన్నారు. వారి తరువాత 1922లో యానీ స్వినర్టన్‌ను అసోసియేట్‌గా, అంటే తొలి మెట్టు సభ్యురాలిగా, ఎన్నుకునే దాకా ఒక్క స్త్రీకీ ఆ గౌరవం దక్కలేదు. 1879లో యుద్ధచిత్రాలతో పేరుపొందిన ఎలిజబెత్ థామ్సన్ కేవలం రెండు ఓట్ల తేడాతో ఆగిపోయింది. విద్యార్థినులకు అకాడమీ పాఠశాల తలుపు తెరుచుకున్నది కూడా 1860లో లారా హర్‌ఫర్డ్ తన పేరుకు బదులు పొడి అక్షరాలు మాత్రమే రాసి పంపిన బొమ్మలను, ఎవరో మగవాడివి అనుకుని, ఆమోదించిన తరువాతనే. అంటే స్త్రీల చిత్రాలు అకాడమీ గోడకు ఎక్కవచ్చు, స్త్రీలు మాత్రం ఆ సభ్యుల వరుసలో కూర్చోకూడదు. పదిహేడో ఏట పెళ్ళయి, భర్త ఉద్యోగరీత్యా ప్యారిస్‌లో ఉండగా చార్లెస్ చాప్లిన్ అనే ఫ్రెంచి చిత్రకారుడి దగ్గర (సినిమా నటుడు అప్పటికింకా పుట్టలేదు) స్త్రీల తరగతిలో చదువుకుని, తిరిగి లండన్ చేరిన జాప్లింగ్‌కు పెద్దల పని దగ్గరనుంచి చూసే మార్గం ఒక్కటే మిగిలింది. వారి స్టూడియోలకు వెళ్ళడం, వారిని తన స్టూడియోకు పిలవడం. ఆమెకు అకాడమీ అదే.

ప్రశ్న: ముప్పై ఎనిమిదేళ్ళు హైస్కూలులో డ్రాయింగు చెప్పి రిటైరయినవాణ్ణి. మా కాలంలో సగం వేసిన బొమ్మను ఎవరికీ చూపేవాళ్ళం కాదు. దిష్టి తగులుతుందనేవారు కొందరు, ఆలోచన ఎత్తుకుపోతారనేవారు మరికొందరు. ఆ దొరలకు ఈ భయాలు లేవా? చూసి వెళ్ళినవారు నిజంగా ఏం నేర్చుకున్నారు?
– వనస్థలిపురం నుంచి ఒక మాస్టారు

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్నలోని రెండో సగాన్ని ముందు తీసుకుంటాను. పూర్తయిన చిత్రం తాను ఎలా తయారయిందో దాచేస్తుంది. మొదటి పూత ఏ రంగు, నీడలు పలుచగా వేశారా దట్టంగా వేశారా, ఎక్కడ గీకి మళ్ళీ మొదలుపెట్టారు అనేవన్నీ వార్నిషు కిందికి వెళ్ళిపోతాయి. ప్రదర్శనశాలలో వందసార్లు చూసినా దొరకనివి, ఈజిల్ మీద సగంలో ఉన్న కాన్వాస్ ముందు పది నిమిషాలు నిలబడితే దొరుకుతాయి. మీరు నల్లబల్ల మీద బొమ్మ గీస్తుంటే పిల్లలు నేర్చుకున్నారు కదా, గీసి ఉంచిన బొమ్మను చూపితే అంతగా నేర్చుకునేవారా?

జాప్లింగ్ ఇంకా ఒక మెట్టు పైకి వెళ్ళింది. తోటి చిత్రకారులు తన రూపచిత్రం వేస్తుంటే వారి ఎదుట తానే కూర్చుంది. ఒకరి పనిని లోపలి నుంచి చూడడానికి ఇంతకన్న మంచి చోటు లేదు, ఎందుకంటే చిత్రకారుడు ఎప్పుడు మీ వైపు చూస్తాడు, ఎంతసేపు చూసి కుంచె ఎత్తుతాడు, ఎప్పుడు వెనక్కు నడుస్తాడు అన్నది కూర్చున్నవారికే తెలుస్తుంది. 1877లో జేమ్స్ విస్లర్ ఆమె నిలువెత్తు చిత్రం వేశాడు, అది ఇప్పుడు గ్లాస్గోలోని హంటేరియన్ గ్యాలరీలో ఉంది. 1879లో జాన్ ఎవరెట్ మిలే ఆమెను చిత్రించాడు, అది లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. ఈ రెండింటి అచ్చులు పక్కపక్కన పెట్టుకుని చూడమని మీకు సలహా ఇస్తాను. విస్లర్ రంగును నూనెతో, టర్పెంటైన్‌తో పులుసులా పలుచన చేసి, పొడవాటి పిడి ఉన్న కుంచెలతో దూరంగా నిలబడి వేసేవాడు. నచ్చకపోతే ఆనాటి పనంతా గీకేసి, మరునాడు మొత్తం కాన్వాస్‌ను కొత్తగా ఎత్తుకునేవాడు. సిసిలీ అలెగ్జాండర్ అనే చిన్న పాపను చిత్రించడానికి ఆ పిల్లను దాదాపు 70 సార్లు నిలబెట్టాడంటే ఆయన పట్టుదలను ఊహించుకోవచ్చు. మిలే పద్ధతి వేరు. కళ్ళు, నోరు, దుస్తుల మీది పూలకుట్టు, అన్నీ ముట్టుకుంటే చేతికి తగిలేంత స్పష్టంగా నిలుస్తాయి. నల్లని గౌనులో, గడ్డం కొంచెం ఎత్తి, నేరుగా మన వైపు చూస్తున్న జాప్లింగ్‌ను ఆయన చిత్రంలో చూస్తే, ఆమె తన పనిని తాను ఎంత గౌరవించుకున్నదో తెలుస్తుంది. రెండేళ్ళ వ్యవధిలో ఇంత భిన్నమైన ఇద్దరి ఈజిళ్ళ ఎదుట నిలబడి, ఇద్దరి చేతులనూ గమనించిన రూపచిత్రకారిణికి ఏ పాఠశాల అంతకన్న ఎక్కువ ఇవ్వగలదు?

ఇక దిష్టి సంగతి. దానికి నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక కుటుంబం వారు గతించిన తమ పెద్దాయన రూపచిత్రం వేయమని రెండు ఫోటోలు ఇచ్చారు. నెలన్నర కష్టపడ్డాను. ఇంటివారు వచ్చి చూసి, "అన్నీ బాగానే ఉన్నాయమ్మా, కాని ఏదో తేడాగా ఉంది, నాన్నగారిలా లేరు" అన్నారు. ఏది తేడానో వాళ్ళు చెప్పలేకపోయారు. నేను కళ్ళు మార్చాను, పెదవులు మార్చాను, మార్చినకొద్దీ ముఖం దూరమయింది. చివరకు నాకంటే వయసులో పెద్దవారైన ఒక చిత్రకారుణ్ణి ఇంటికి పిలిచాను. ఆయన కుర్చీలో కూడా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి, "ముఖం జోలికి వెళ్ళకు తల్లీ, చెవి కిందికి దిగింది" అన్నారు. నిజమే. ఒక ఫోటోలో పెద్దాయన తల నిటారుగా ఉంది, రెండోదాంట్లో తల కొంచెం వెనక్కు వాల్చి ఉన్నారు. తల వెనక్కు వాలితే చెవులు ముఖానికి కిందుగా కనిపిస్తాయి. నేను మొదటి ఫోటో నుంచి ముఖాన్ని, రెండో ఫోటో నుంచి చెవిని తీసుకున్నాను. నెలన్నర చూసి చూసి నా కన్ను దానికి అలవాటు పడిపోయింది. బొమ్మను అద్దంలో తిప్పి చూసుకుంటే కొన్ని తప్పులు బయటపడతాయి, ఆ అలవాటు నాకు అప్పటికే ఉంది, అయినా ఇది పట్టుబడలేదు. చెవి సవరించిన మరునాడు ఆ ఇంటి అమ్మాయి బొమ్మ ముందు నిలబడి ఏడ్చింది. ఆ రోజు నుంచి సగం బొమ్మను చూపడానికి నేను వెనుకాడలేదు.

ఆలోచనలు ఎత్తుకుపోవడం ఉన్నదే. కాని రూపచిత్రంలో ఎత్తుకుపోవడానికి పెద్దగా ఏముంది? ఎదుట కూర్చున్న మనిషిని ఎవరూ జేబులో వేసుకుని పోలేరు.

ప్రశ్న: లండన్‌లో చిత్రకారులందరూ ఒకే ఆదివారం స్టూడియోలు తెరిచి ఉంచేవారని చదివాను. ఆ స్టూడియోలు ఎలా ఉండేవి?
– ఒక ఆర్కిటెక్టు, హబ్సిగూడ

జవాబు: మీరు చదివినది 'షో సండే' గురించి. రాయల్ అకాడమీ వేసవి ప్రదర్శన మే నెల మొదట్లో తెరుచుకునేది. దానికి చిత్రాలు పంపే గడువుకు ముందు ఆదివారం, అంటే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో, స్టూడియో తలుపులు తెరిచేవారు. బండ్లు వీధుల వెంట బారులు తీరేవి. నాకు ఆ ఆదివారం మీద అంత గౌరవం లేదు. గుంపులో వచ్చి, టీ తాగి, ఫ్రేము బాగుందని మెచ్చుకుని వెళ్ళేవారి వల్ల చిత్రకారుడికి కొనుగోలుదారు దొరకవచ్చు కాని, చెవి కిందికి దిగిందని చెప్పే మనిషి దొరకడు. అలాంటివారు మామూలు రోజుల్లో, వెలుతురు తగ్గి కుంచెలు కడుక్కునే వేళ వచ్చేవారు.

ఇళ్ళ విషయానికి వస్తే, పశ్చిమ లండన్‌లోని హాలండ్ పార్కు పరిసరాల్లో చిత్రకారుల కాలనీయే ఏర్పడింది. ఫ్రెడరిక్ లేటన్ ఇల్లు 1860లలో మొదలై ముప్పై ఏళ్ళ పాటు పెరుగుతూ వచ్చింది. అంత పెద్ద ఇంటిలో ఆయన కట్టించుకున్నది ఒకే పడకగది, మిగిలినదంతా పనికి, అతిథులకు. మోడళ్ళకు వేరే మెట్లు, పెద్ద కాన్వాసులను నిలువుగా బయటకు దించడానికి గోడలో సన్నని పొడవాటి సందు ఉన్నాయి. 1890ల నడుమ తోటి చిత్రకారుల చిత్రాలను ఉంచుకోవడానికే ప్రత్యేకంగా ఒక గది చేర్పించాడు. పక్క ఇల్లు వాల్ ప్రిన్సెప్‌ది, దగ్గరలోనే జార్జ్ ఫ్రెడరిక్ వాట్స్, ల్యూక్ ఫిల్డ్స్, మార్కస్ స్టోన్ ఉండేవారు. రూపచిత్రాలలో మహా ఘనుడైన వాట్స్ 1881 నుంచి తన గ్యాలరీని వారాంతాల్లో ప్రజలకు తెరిచి ఉంచాడు. ఉత్తరాన సెంట్ జాన్స్ వుడ్‌లో ఆల్మా టాడెమా తన ఇంటి హాలు గోడలనిండా స్నేహితులు ఒక్కొక్కరు వేసి ఇచ్చిన సన్నని పొడుగు చిత్రపలకలు అమర్చుకున్నాడు. వచ్చివెళ్ళిన తోటివారి చేతులు ఆ గోడ మీద నిలిచిపోయాయన్నమాట. ఆ గోడను తలచుకున్నప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

మీరు ఆర్కిటెక్టు కనుక ఒక మాట. ఆ స్టూడియోలన్నింటికీ పెద్ద కిటికీ ఉత్తరానికే ఉండేది, ఎండ నేరుగా పడకుండా రోజంతా ఒకే తీరు వెలుగు రావడానికి. లండన్ చలికాలపు పొగమంచులో ఆ వెలుగు కూడా చాలక, లేటన్ 1889–90లో గాజు పైకప్పుతో శీతాకాలపు స్టూడియో కట్టించుకున్నాడు. మన హైదరాబాదులో ఇబ్బంది తారుమారవుతుంది. మనం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం, కనుక మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరపు కిటికీ అని నమ్ముకున్నవారికి సరిగ్గా ఆ రోజుల్లో ఎండ లోపలికి వస్తుంది. కిటికీకి లోతైన సజ్జా పెట్టించండి. ఎవరైనా చిత్రకారుడు ఇల్లు కట్టుకుంటూ మిమ్మల్ని సంప్రదిస్తే ఈ మాట తప్పక చెప్పండి.

ప్రశ్న: ఒకే పని కోసం పోటీపడేవారి మధ్య ఈ స్నేహాలు నిలిచేవా?
– బి.కాం. విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కొన్ని నిలిచాయి, కొన్ని తెగాయి. 1883లో జాప్లింగ్‌కు 150 గినీలకు రావలసిన ఒక రూపచిత్రం పని ఆమెకు తప్పి మిలేకు వెళ్ళింది, ఆయనకు దానికి 1000 గినీలు ముట్టాయి. గినీ అంటే ఒక పౌండు ఒక షిల్లింగు. వాణిజ్యశాస్త్రం చదువుతున్నారు కనుక ఆ తేడాను మీరే లెక్క కట్టండి, ఎంత భాగం పేరుకు, ఎంత భాగం మగవాడైనందుకు అన్నది కూడా ఆలోచించండి. ఆ మిలేయే ఆమె కొడుకుకు జ్ఞానపిత (గాడ్‌ఫాదర్), ఆ బిడ్డ పేరులో మిలే పేరు కూడా ఉంది. స్నేహం నిజమే, అన్యాయమూ నిజమే. ఆమె స్నేహాన్ని వదులుకోలేదు, పనినీ వదులుకోలేదు. 1887లో స్త్రీల కోసం సొంతంగా చిత్రకళా పాఠశాల తెరిచింది. తెగిన స్నేహానికి ఉదాహరణ కావాలంటే విస్లర్ కళావిమర్శకుడు రస్కిన్ మీద వేయగా 1878లో విచారణకు వచ్చిన పరువునష్టం దావా చూడండి. అందులో బర్న్ జోన్స్ తోటి చిత్రకారుడై ఉండి కూడా రస్కిన్ తరఫున సాక్ష్యం చెప్పాడు. స్టూడియోలో చెవిలో చెప్పవలసిన మాట కోర్టు బోనులో చెబితే ఏమవుతుందో అదే అయింది.

ప్రశ్న: మన దేశంలో ఆ రోజుల్లో ఇటువంటి రాకపోకలు ఉండేవా? మన ఊరికి ఆ లండన్ స్టూడియోలతో ఏమైనా సంబంధం ఉందా?
– గృహిణి, చిక్కడపల్లి

జవాబు: ఉన్నాయి, కాని తలుపు తెరవడం కంటే మూయడమే ఎక్కువ. రవివర్మ (1848–1906) విక్టోరియా కాలపు రూపచిత్రకారుడే. తిరువనంతపురం ఆస్థానంలో తైలవర్ణాల గుట్టు తెలిసిన రామస్వామి నాయకర్ అతనికి నేర్పడానికి ఇష్టపడలేదు. ఆయన శిష్యుడు ఆర్ముగం పిళ్ళై రాత్రివేళ రహస్యంగా వచ్చి తనకు తెలిసినది చెప్పేవాడట. 1868లో థియడోర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు మహారాజు రూపచిత్రం వేయడానికి వచ్చినప్పుడు, అతను కూడా నేర్పనన్నాడు, వేస్తుండగా చూడడానికి మాత్రం ఒప్పుకున్నాడు. ఇరవయ్యేళ్ళ రవివర్మకు ఆ చూపు చాలింది. చూడనిస్తే చాలు, మిగిలినది కన్ను చూసుకుంటుందని నాకు ఆ సంగతి చదివినప్పుడే అర్థమయింది.

రెండో ప్రశ్నకు జవాబు మీకు ఆనందం కలిగిస్తుంది. ఇందాక లేటన్ పక్కింటివాడని చెప్పిన వాల్ ప్రిన్సెప్ కలకత్తాలో పుట్టినవాడు. 1877 జనవరి 1న ఢిల్లీలో జరిగిన దర్బారును చిత్రించడానికి అతణ్ణి వైస్రాయి లిట్టన్ పిలిపించాడు. పదేళ్ళ వయసున్న ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆ దర్బారుకు హాజరయ్యాడు. ప్రిన్సెప్ సంస్థానాలు తిరిగి రాజుల ముఖాలను ఒక్కొక్కటిగా చిత్రించుకుని, లండన్ వెళ్ళి, ఏడు మీటర్లకు పైగా వెడల్పున్న కాన్వాస్ మీద అన్నింటినీ ఒక చోట చేర్చి, 1880లో అకాడమీ ప్రదర్శనలో పెట్టాడు. ఒక్క ముఖం కుదిర్చేందుకే మేం తల్లకిందులవుతాం. అన్ని ముఖాలను ఒకే వెలుగు కిందికి తేవడానికి పక్కింటి కన్ను అతనికి ఎన్నిసార్లు అవసరపడి ఉంటుందో ఊహించండి.

ఒక మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఐరోపా చిత్రాల గదికి వెళ్ళి, హయేజ్ వేసిన సబ్బు బుడగల పిల్లవాడి ముందు కాసేపు నిలబడండి. ముందు దూరం నుంచి చూసి, తరువాత కాపలా ఉద్యోగి అనుమతించినంత దగ్గరకు వెళ్ళండి. బుడగ మీది మెరుపు ఎంత కొద్ది రంగుతో వచ్చిందో చూస్తే, స్టూడియోలో నిలబడి చూసినవారికి ఏం దొరికేదో కొంత తెలుస్తుంది.

ప్రశ్న: మాసాబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. ఫీజు కోసం రూపచిత్రాలు వేస్తుంటాను. మీరు చెప్పే తోటి కన్ను నాకెక్కడ దొరుకుతుంది? సీనియర్లను అడగాలంటే భయం. నా పని మీకు చూపవచ్చా, మేడమ్?
– ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, భయం ఉండడం సహజమే, నాకూ ఉండేది. సీనియర్‌ను "బాగుందా?" అని అడగకు, ఆ ప్రశ్నకు ఎవరూ నిజం చెప్పరు. "ఎక్కడ ముందు కన్ను ఆగిపోతోంది?" అని అడుగు. ఫోటోను పక్కన పెట్టకు, లేకపోతే వచ్చినవారు కూడా ఇంటివారిలా పోలికే వెతుకుతారు. వాళ్ళు చూస్తున్న మొదటి నిమిషం నీవు ఏమీ మాట్లాడకు. ఆ నిమిషంలో సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెడితే వచ్చిన కన్ను నీ మాటల వెంట పోతుంది. వారు ఒక తప్పు చూపితే వెంటనే కుంచె ఎత్తవద్దు, ఆ రాత్రి గడవనిచ్చి, ఉదయపు వెలుగులో అది నీకూ కనిపిస్తేనే దిద్దు. నీకంటే బాగా వేసేవారి గదికి వెళ్ళినప్పుడు వాళ్ళ బొమ్మతో పాటు ప్యాలెట్ మీద రంగులు ఏ వరుసలో ఉన్నాయో చూడు, అడిగితే ఎవరైనా సంతోషంగా చెబుతారు.

నాకు తప్పకుండా చూపవచ్చు. అయితే ఆరని కాన్వాస్‌ను సిటీ బస్సులో మోసుకు రావద్దు, నేనే నీ గదికి వస్తాను. పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయి. అందులో నీ కిటికీ ఏ దిక్కుకు ఉందో, దాని మీద వెలుగు ఎన్ని గంటలకు బాగుంటుందో కూడా రాయి, ఆ వేళకే వస్తాను.